సర్పగంధ వేరు మెదడులో ఏం చేస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. నిద్ర పట్టడం లేదంటే తెలిసినవారు సర్పగంధ వేరు పొడి ఇచ్చారు. నిద్ర పడుతోంది కానీ, కొన్ని వారాలుగా ఆయన ముభావంగా ఉంటున్నారు. ముక్కు దిబ్బడ వేస్తోంది, నడక మందగించింది. మూలిక వల్ల ఇలా జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: జరిగే అవకాశం ఉందమ్మా. పాతాళగంధి అని కూడా పిలిచే ఈ మొక్క వేరులో రిసర్పిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. మన నాడీకణాలు సెరటోనిన్, డోపమైన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలను సూక్ష్మమైన తిత్తుల్లో దాచుకుని, అవసరమైనప్పుడు విడుదల చేస్తాయి. వాటిని తిత్తుల్లోకి చేర్చే ప్రొటీన్‌ను రిసర్పిన్ అడ్డుకుంటుంది. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరకని మిర్చి ఆరుబయట పాడైనట్టు, తిత్తుల్లోకి చేరలేని రసాయనాలను మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ విచ్ఛిన్నం చేస్తుంది. అలా నిల్వలు క్రమంగా ఖాళీ అవుతాయి. నారడ్రినలిన్ తగ్గినందువల్ల రక్తపోటు దిగుతుంది, ముక్కులోని రక్తనాళాలు ఉబ్బి దిబ్బడ వేస్తుంది. డోపమైన్ తగ్గితే కదలికలు నెమ్మదిస్తాయి. మనసు కుంగడం కూడా రిసర్పిన్ వాడినవారిలో వైద్యులు గమనించిన దుష్ఫలితమే.

ఈ వేరు రక్తపోటును, ఉన్మాదాన్ని తగ్గిస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. 1949లో ముంబై వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ పరిశీలనలు వెలువడ్డాక ప్రపంచం దృష్టి దీనిపై పడింది, 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పిన్‌ను వేరుచేశారు. ఆ తరువాత స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్ ఇచ్చినందువల్ల కదలలేకపోయిన కుందేళ్లకు, శరీరంలో డోపమైన్‌గా మారే ఎల్-డోపా అనే పదార్థం ఇవ్వగా అవి తేరుకుని తిరిగాయి. డోపమైన్ తగ్గి కదలికలు మందగించే పార్కిన్సన్స్ వ్యాధి చికిత్సకు దారి చూపిన ఈ పరిశోధనలకు ఆయన 2000లో నోబెల్ అందుకున్నారు. మీ నాన్నగారి నడకకూ ఈ వేరుకూ సంబంధం ఉండవచ్చని నేను అనుమానించడానికి ఆధారం ఇదే.

దుకాణంలో కొన్న పొడిలో ఆల్కలాయిడ్ ఎంత ఉందో చూసి చెప్పడం అసాధ్యం. పైగా మాత్రలతో కలిసి అది రక్తపోటును మరీ తగ్గించవచ్చు. కాబట్టి ఇంకొక మోతాదు ఇవ్వకుండా, ఆ పొట్లాన్నీ ఆయన వాడే మాత్రలనూ తీసుకుని వెంటనే వైద్యుణ్ణి కలవండి. రక్తపోటు, నాడి చూపించండి. మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. తిత్తులు కొత్తగా తయారు కావాలి కనుక, పొడి మానేసినా ప్రభావం కొన్ని రోజులు, ఒక్కోసారి వారాల పాటు ఉంటుంది. ఈలోగా ఆయన మాటల్లో బతుకుపై విరక్తి వినిపిస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి, లేదా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.