8 ఎంబీ ర్యామ్ ఉన్నా గేమ్ "మెమరీ చాలదు" అంటోందా?

డాస్ 6.22 (ఆదేశాలు టైపు చేసి నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత 486 కంప్యూటర్లో 8 ఎంబీ ర్యామ్ ఉంది, చాలావరకు ఖాళీగానే కనిపిస్తోంది, అయినా గేమ్ తెరుచుకోవట్లేదు, ఇంకో ర్యామ్ వెయ్యాలా అని అడిగారు. వద్దండీ. 32 ఎంబీ వేసినా అదే పాట పాడుతుంది.

చిక్కంతా మొదటి 640 కేబీలో ఉంది. 1981 నాటి ఐబీఎం పీసీలోని 8088 చిప్‌కి 1 ఎంబీ దాకానే అందేది. అందులో పై 384 కేబీ వీడియోకీ బయోస్‌కీ పోగా ప్రోగ్రాములకు మిగిలింది ఈ 640. డాస్, మౌస్ డ్రైవర్, సీడీ డ్రైవర్ అన్నీ అక్కడే చాప పరుచుకుంటాయి. గేమ్‌కి మిగిలిన జాగానే దక్కుతుంది.

నాకూ ఇదే గొడవ. గేమ్‌కి 600 కేబీ కావాలి, నా దగ్గర 571 ఉంది. "మెమ్ /సీ" కొడితే ఏది ఎంత తింటోందో వస్తుంది. చివర్లో "లార్జెస్ట్ ఎగ్జిక్యూటబుల్ ప్రోగ్రామ్ సైజ్" అని ఉంటుంది చూడండి, మనకు కావలసిన అంకె అదే.

బూట్ అయ్యేటప్పుడు డాస్ చదివే ఫైళ్లు రెండు: కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్. కాన్ఫిగ్.సిస్‌లో ముందు హైమెమ్.సిస్, తర్వాత ఈఎంఎం386.ఈఎక్స్ఈ నోఈఎంఎస్ (ఇవి రెండూ మెమరీని సర్దే డ్రైవర్లు), ఆపైన డాస్=హై,యూఎంబీ అనే లైను ఉండాలి. దాంతో డాస్‌లో చాలా భాగం 1 ఎంబీ దాటగానే ఉండే 64 కేబీలోకి వెళ్లిపోతుంది. 640కీ 1 ఎంబీకీ మధ్య ఎవరూ వాడని సందులు కూడా చేతికొస్తాయి. డ్రైవర్లను డివైస్‌హైతో, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లోవాటిని ఎల్‌హెచ్ (లోడ్‌హై) ఆదేశంతో ఆ సందుల్లోకి ఎక్కించాలి.

ఇదంతా చేశాక కూడా నా ఎంఎస్‌సీడీఈఎక్స్ (సీడీని డాస్‌కి చూపించే ప్రోగ్రామ్) ఆ 640 కేబీలోనే ఉండిపోయింది. రెండు సాయంత్రాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తీరా చూస్తే, ముందు లోడైన మౌస్ డ్రైవర్ పెద్ద సందు మొదట్లోనే కూర్చుంది. కొన్ని డ్రైవర్లకు ఎక్కేటప్పుడు ఎక్కువ జాగా కావాలి, ఎక్కాక తగ్గుతాయి. ఎంఎస్‌సీడీఈఎక్స్ లైను పైకి, మౌస్ లైను కిందికి మార్చాను, అంతే. రెండూ సందుల్లో ఇమిడాయి, 618 కేబీ వచ్చింది. డాస్‌తో వచ్చే మెమ్‌మేకర్ ఏది ఏ సందులోకి ఎక్కించాలో తనే వెతుకుతుంది గానీ లైన్ల వరుస మార్చదు, నాకు చేత్తో చేసుకుంటేనే ఎక్కువ మిగిలింది.

ఆ ఊపులో ఈఎంఎం386కి "ఐ=" (ఈ చోటు కూడా వాడుకో అని చెప్పేది) పెట్టి ఇంకో ముక్క లాక్కోబోయాను. అది నెట్‌వర్క్ కార్డు వాడుకునే చోటట! బూట్ మధ్యలో బిగుసుకుపోయింది. అలా అయితే టెన్షన్ పడకండి. "స్టార్టింగ్ ఎంఎస్-డాస్" కనపడగానే ఎఫ్5 నొక్కితే రెండు ఫైళ్లనూ వదిలేసి బూట్ అవుతుంది, తప్పు లైను తీసెయ్యొచ్చు. ఏం చేసినా ముందు ఆ రెండు ఫైళ్లకూ కాపీ పెట్టుకోండి.

ఒకవేళ మీ గేమ్ ఎక్స్‌పాండెడ్ మెమరీ (ఈఎంఎస్, అదనపు ర్యామ్‌ని ముక్కలుగా చూపించే పాత పద్ధతి) కావాలంటే నోఈఎంఎస్ బదులు ర్యామ్ అని రాయండి. ఆ సందుల్లో 64 కేబీ దానికే పోతుంది, కాబట్టి ఆ గేమ్‌కి డాస్ 6 బూట్ మెనూలో వేరే ఎంట్రీ పెట్టుకోవడం మేలు.