మా అబ్బాయి ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటున్నాడు, ఏం చెప్పాలి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి. మూడేళ్లుగా స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడు, కానీ ఎక్కువగా బెంచీ మీదే. అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి చెబుతున్నాను, సాకర్ కాదు. మ్యాథ్స్ బాగా చేస్తాడు. ఈ మధ్య హిస్టరీ క్లాసు కోసం ఏమస్ అలోంజో స్టాగ్ అనే పాతకాలపు కాలేజీ కోచ్ మీద ప్రాజెక్టు చేశాడు. అప్పట్నుంచి "ఆయన 98 ఏళ్ల దాకా కోచింగ్ చేశాడు, నేనూ అదే చేస్తాను" అంటున్నాడు. వాళ్ల నాన్న కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో మాట విననంటున్నారు. రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ. అసలు ఇది బతుకుతెరువు అవుతుందా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మంచి మనిషినే ఎంచుకున్నాడు. కాకపోతే ఆయన జీవితంలోంచి పట్టుకున్న ముక్క మీకు పనికొచ్చేది కాదు. 98 ఏళ్ల సంగతి పక్కన పెట్టి, స్టాగ్‌కి 30 ఏళ్లప్పుడు దొరికిన ఉద్యోగం ఎలాంటిదో చూడమనండి. మీ వారు కూడా పక్కన కూర్చుని వింటే ఇంకా మంచిది.

స్టాగ్ 1862లో మీ రాష్ట్రంలోనే, వెస్ట్ ఆరెంజ్‌లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టి బతికేవాడు. యేల్‌లో చదివే రోజుల్లో డబ్బులకి చాలా ఇబ్బంది పడ్డాడు. బేస్‌బాల్‌లో పేరున్న పిచర్ (బంతి విసిరేవాడు) కాబట్టి ప్రొఫెషనల్ జట్లు డబ్బిస్తాం రమ్మన్నాయి, వెళ్లలేదు. 1889లో మొట్టమొదటి ఆల్ అమెరికా ఫుట్‌బాల్ జట్టును, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాను, ప్రకటిస్తే అందులో ఆయన పేరుంది. ఇంతా చేసి ఆయన కావాలనుకున్నది పాస్టర్. అందుకోసం యేల్‌లోనే మతబోధకులని తయారుచేసే డివినిటీ స్కూల్లో చేరాడు. నలుగురి ముందు నిలబడి ప్రసంగం చేయడం తనకి చేతకాదని అక్కడ తెలిసొచ్చింది. దాంతో దారి మార్చుకుని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్‌కి వెళ్లాడు. అక్కడ ఆటలు నేర్పడమే చదువు. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఆ స్కూల్లోనే ఉండేవాడు, స్టాగ్ ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు కూడా. 1892 మార్చిలో జనం ముందు జరిగిన మొదటి బాస్కెట్‌బాల్ ఆటలో టీచర్లు 5-1తో విద్యార్థుల చేతిలో ఓడిపోయారు. టీచర్లకి వచ్చిన ఆ ఒక్క పాయింటూ స్టాగ్‌దే.

అప్పట్లో "కోచ్ అవుతాను" అని ఎవరైనా అంటే ఇంట్లో ఒప్పుకోకపోవడానికి మీ వారికంటే గట్టి కారణమే ఉండేది. అసలు అలాంటి ఉద్యోగమే లేదు. యేల్‌లో స్టాగ్‌కి ఆట నేర్పిన వాల్టర్ క్యాంప్, ఈనాటి అమెరికన్ ఫుట్‌బాల్ నియమాల్లో సగానికి మూలపురుషుడు. అంతటివాడికి జీతం వచ్చేది గడియారాల కంపెనీ నుంచి. పగలు ఆఫీసు వదిలి రాలేని రోజుల్లో భార్య ఆలిస్ మైదానానికి వెళ్లి ప్రాక్టీసు చూసి, ఎవరు ఎలా ఆడారో రాసుకొచ్చేది. రాత్రి ఇంటికి ఆటగాళ్లని పిలిచి ఆ కాగితాలు ముందేసుకుని మాట్లాడేవారు. చాలా కాలేజీల్లో అయితే కిందటేడు ఆడిన సీనియర్లు నాలుగు వారాలొచ్చి నేర్పి పోయేవారు.

ఇలాంటి రోజుల్లో విలియం రెయినీ హార్పర్ అనే హీబ్రూ ప్రొఫెసర్, చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో కొత్తగా పెడుతున్న షికాగో యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యాడు. యేల్‌లో స్టాగ్‌కి పాఠం చెప్పినవాడే. ఆటల విభాగం నువ్వు చూసుకో అని స్టాగ్‌ని పిలిచి ఏడాదికి 1,500 డాలర్లు ఇస్తానన్నాడు. స్టాగ్ నుంచి మాట లేదు. 2,000 అన్నాడు, అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదా అన్నాడు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేదు. చివరికి 2,500 డాలర్లు, అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, పైగా అది జీవితకాలం ఉండే పోస్టు అన్నాడు. స్టాగ్ బేరం ఆడలేదని, ఆ ఆలోచనకే బిత్తరపోయి నోరు మెదపలేదని చెబుతారు. ఏమైతేనేం, 1892లో ఉద్యోగంలో చేరాడు. మొదటి ఏడాది జట్టుకి మనుషులు చాలక తానే దిగి ఆడాడు.

మీ అబ్బాయి ప్రాజెక్టులో ఇది ఉందో లేదో గాని, ఉండాల్సింది ఇదే. ఆయనకి దొరికింది టీచరు ఉద్యోగం. ఫిజికల్ కల్చర్ విభాగానికి అధిపతి, జిమ్ నడపాలి, మామూలు విద్యార్థుల వ్యాయామం చూడాలి, బేస్‌బాల్‌కీ ట్రాక్‌కీ ఆయనే కోచ్. ఫుట్‌బాల్ అందులో ఒక భాగం. ఒక సీజన్ పోతే ఉద్యోగం పోదు. అందుకే 41 సీజన్లు ఒకే చోట ఉండగలిగాడు. 1905లో 56 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని మిషిగన్‌ని 2-0తో ఓడించిన సీజనూ ఆ 41లో ఉంది, 1920ల చివర్లో వరసగా దెబ్బతిన్న సీజన్లూ ఉన్నాయి. కోచ్ అంటే గెలిస్తే ఉంటాడు, ఓడితే పోతాడు అన్న లెక్క ఆయనకి వర్తించలేదు.

అంతటి భద్రతకీ చివరుంది. 1932లో 70 ఏళ్లు నిండాయని షికాగో రిటైర్ చేసేసింది. సలహాదారు లాంటి కుర్చీ ఏదో ఇస్తామంటే వద్దని, కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్‌కి వెళ్లిపోయాడు. 1943లో, 81 ఏళ్ల వయసులో, దేశంలోని తోటి కోచ్‌లు ఆయన్నే ఆ ఏటి మేటి కోచ్‌గా ఎన్నుకున్నారు. ఆ తర్వాత పెన్సిల్వేనియాలో కొడుకు జట్టుకి సాయం చేశాడు, మళ్లీ స్టాక్‌టన్ వచ్చి అక్కడి చిన్న కాలేజీ కుర్రాళ్లకి బంతి తన్నడం నేర్పాడు. 102 ఏళ్లు బతికి 1965లో పోయాడు. మీ అబ్బాయి ముచ్చటపడే 98 ఏళ్ల కథ ఇదీ. చదవడానికి బాగుంటుంది కానీ, కాలేజీ ఎంచుకునేటప్పుడు అందులో మీకు పనికొచ్చేది లేదు. ఇంకోటి కూడా చెప్పండి. ఆయన కట్టి నిలబెట్టిన షికాగో ఫుట్‌బాల్ జట్టునే యూనివర్సిటీ 1939లో ఎత్తేసింది. 1942లో ప్రపంచంలో మొదటి అణు చైన్ రియాక్షన్ జరిగింది ఆయన పేరున్న స్టేడియం గ్యాలరీ కిందే. ఆట ఖాళీ చేసిన చోట సైంటిస్టులు చేరారు!

ఇప్పటి పరిస్థితికి వద్దాం. హార్పర్ ఇచ్చినలాంటి పోస్టు పెద్ద కాలేజీల్లో ఫుట్‌బాల్ కోచ్‌కి ఇప్పుడు ఎవరూ ఇవ్వరు. అంతా కాంట్రాక్టే. ఏడాదికి కోటి డాలర్లు దాటి తీసుకునే హెడ్ కోచ్‌లని చూసి మీవాడు లెక్కలేసుకుంటే, వాళ్ల కింద పనిచేసే అసిస్టెంట్ల సంగతి కూడా చూడమనండి. హెడ్ కోచ్‌ని తీసేస్తే మామూలుగా వాళ్లూ సర్దుకోవాల్సిందే. పెళ్లాం పిల్లలతో రెండు మూడేళ్లకోసారి రాష్ట్రం మారేవాళ్లు బోలెడుమంది. స్టాగ్ శిష్యుడు ఫ్రిట్జ్ క్రిస్లర్‌నే తీసుకోండి. డాక్టర్ కావాలనుకున్న కుర్రాడు. స్టాగ్ దగ్గర ఆడి, అక్కడే ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా చేసి, మిన్నెసోటాలో రెండేళ్లు, ప్రిన్స్‌టన్‌లో ఆరేళ్లు పనిచేసి మిషిగన్‌లో స్థిరపడ్డాడు. అది బాగా కలిసొచ్చినవాడి దారి. కలిసిరానివాళ్ల పేర్లు మనకి తెలియవు.

అందుకని నా సలహా ఇది. మీ అబ్బాయి "కోచ్" అనే పదాన్ని డిగ్రీగా చూడకూడదు. ముందు టీచర్ కావాలి. అమెరికా హైస్కూళ్లలో ఎక్కువమంది కోచ్‌లు పొద్దున క్లాసులో పాఠం చెప్పి, మూడు దాటాక మైదానానికి వెళ్లేవాళ్లే. జీతం, ఇన్సూరెన్సు, పెన్షన్ టీచరుగా వస్తాయి. కోచింగ్‌కి పైన కొంత స్టైపెండ్ ఇస్తారు, అది పెద్ద మొత్తం కాదు. స్టాగ్ ఉద్యోగానికి ఈ రోజుల్లో దగ్గరగా ఉన్నది ఇదే. మ్యాథ్స్ టీచర్లకి చాలా రాష్ట్రాల్లో కొరత ఉంది కాబట్టి మీవాడి మ్యాథ్స్ ఇక్కడ బాగా పనికొస్తుంది.

రెండో దారి కాలేజీ కోచింగ్. డిగ్రీ చదివేటప్పుడు జట్టుకి స్టూడెంట్ అసిస్టెంట్‌గానో మేనేజర్‌గానో చేరాలి. తర్వాత మాస్టర్స్ చేస్తూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా పనిచేయాలి. ఫీజు మాఫీ అవుతుంది, చేతికొచ్చేది చాలా తక్కువ, పని గంటలకి లెక్క ఉండదు. అక్కడ పరిచయాలే ఉద్యోగాలు తెచ్చిపెడతాయి. పాతికేళ్లలోపు, బాధ్యతలు లేనివాడు ప్రయత్నించదగ్గ దారి. టీచింగ్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని దిగితే నాకు అభ్యంతరం లేదు. అది లేకుండా దిగితే మాత్రం మీ వారి టెన్షన్‌లో న్యాయం ఉంది.

బెంచీ మీద కూర్చుంటాడని బాధపడకండి. కోచ్‌కి కావాల్సింది చూసే కన్ను. స్టాగ్ భార్య స్టెల్లా ఎప్పుడూ జట్టులో ఆడలేదు, అయినా అవతలి జట్ల ఆట చూసి ఎత్తుగడలు కాగితం మీద గీసి ఇచ్చేది, మొగుడు వాటిని నమ్మి జట్టుని దింపేవాడు. ఇప్పుడు ఆ పని హడల్ లాంటి వీడియో సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. ఈ సీజన్ అయ్యాక మీ అబ్బాయిని స్కూల్ కోచ్ దగ్గరికి వెళ్లి, మ్యాచ్ వీడియోలని ముక్కలుగా విడగొట్టి ఎవరు ఎలా ఆడారో చూసే పని ఇవ్వమని అడగమనండి. వేసవిలో చిన్నపిల్లల ఫుట్‌బాల్ క్యాంపుల్లో వాలంటీరుగా చేయనివ్వండి. వీడియోల ముందు గంటలు గంటలు కూర్చుని, పిల్లల దగ్గరికి మాత్రం వెళ్లబుద్ధి కాకపోతే వాడికి సరిపడేది డేటా అనలిటిక్స్. అప్పుడు మీ వారి కంప్యూటర్ సైన్సూ, వాడి ఫుట్‌బాలూ ఒకేచోట కలుస్తాయి. పిల్లలకి నేర్పడంలో సరదా పుడితే టీచింగ్‌కి పంపండి.

సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి చేసే ప్రథమ చికిత్స), తలకి దెబ్బ తగిలితే గుర్తుపట్టే ట్రైనింగ్ కూడా ఎలాగూ కావాలి, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. 1905 సీజన్లో మైదానంలో పిల్లలు చచ్చిపోయారన్న గొడవ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాకా వెళ్లాకే, కాలేజీ ఆటల్ని నడిపే, ఇవాళ ఎన్‌సీఏఏ అంటున్న సంస్థ పుట్టింది. ఇవన్నీ లాంఛనం అనుకునే కుర్రాడైతే కోచింగ్ జోలికి పోకపోవడమే నయం.

కాలేజీల విషయం. మీ రాష్ట్రంలోనే మాంట్‌క్లెయిర్ స్టేట్, రోవన్, ద కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ ఉన్నాయి. మూడూ టీచర్ల శిక్షణ స్కూళ్లుగా మొదలైనవే, మూడింటికీ డివిజన్ త్రీ, అంటే ఎన్‌సీఏఏ మూడో శ్రేణి, ఫుట్‌బాల్ జట్లున్నాయి. డివిజన్ త్రీలో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు. కానీ ఇలాంటి జట్టులో స్టార్ కాని కుర్రాడికి కూడా ఏదో ఒక పని దొరికే అవకాశం పెద్ద జట్లలో కంటే ఎక్కువ. సొంత రాష్ట్రంవాళ్లకి ఉండే తక్కువ ఫీజు (ఇన్-స్టేట్) కాబట్టి మీ వారికీ కొంత ఊరట. చెప్పడం మరిచాను, డివిజన్ త్రీ ఫైనల్ పేరే స్టాగ్ బౌల్. రోవన్ 1990ల్లో అక్కడిదాకా పలుమార్లు వెళ్లి ఓడిపోయింది.

వసంతంలో ఈ మూడింటికీ మీరు ముగ్గురూ కలిసి వెళ్లండి. అడ్మిషన్స్ ఆఫీసు టూర్‌తో సరిపెట్టుకోకుండా, మ్యాథ్స్ టీచింగ్ సర్టిఫికెట్‌తో నాలుగేళ్లలో డిగ్రీ పూర్తవుతుందా, స్కూల్లో పాఠాలు చెప్పి నేర్చుకునే స్టూడెంట్ టీచింగ్ సెమిస్టర్ ఫుట్‌బాల్ సీజన్‌తో ఢీకొంటుందా అని డిపార్ట్‌మెంట్ వాళ్లని అడగండి. ఫుట్‌బాల్ ఆఫీసుకి ముందే ఈమెయిల్ పెట్టి, స్టూడెంట్ అసిస్టెంట్లని ఎలా తీసుకుంటారో తెలుసుకోండి. ఆ ఈమెయిల్ మాత్రం మీరు రాయొద్దు, మీ అబ్బాయే రాయాలి.