వసారా బాగుచేయడానికి చీటీ పాడాలా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాకు సొంత ఇల్లు ఉంది. వెనక 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు వసారా. ఇరవై ఏళ్ల కిందట పరిచిన కడప బండలు కుంగిపోయి వాన నీళ్లు నిలుస్తున్నాయి, పాచి పడుతోంది. పోయిన వానల్లో మా అత్తగారు అక్కడే జారిపడ్డారు. మేస్త్రీ మొత్తం 1,65,000 రూపాయలు అడుగుతున్నాడు. నేల కింద పని, వాలు, నీటి పైపుకు 38 వేలు. విట్రిఫైడ్ టైల్స్‌కు 42 వేలు. పైన రేకుల షెడ్డుకు 48 వేలు. గోడకు రాతి పలకలు అతికించడానికి (క్లాడింగ్) 22 వేలు. సీలింగ్, లైట్లకు 15 వేలు. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 46 వేలు. చీటీ 5 వేలు కట్టాక 9 వేలు మిగులుతాయి. సేవింగ్స్ ఖాతాలో 30 వేలు, ఎఫ్‌డీ 1,20,000 ఉన్నాయి. రిజిస్టర్డ్ కంపెనీలో లక్ష రూపాయల చీటీ, 20 నెలలది, ఈ జూలైతో ఏడు నెలలు కట్టాం. పాట 18 వేల దాకా పోతోంది. బాబు ఇంటర్ రెండో సంవత్సరం. చీటీ పాడాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీయాలా?

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం. ఆ నేల అక్టోబరు లోపు బాగుపడాలి. తిరుపతికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో మీరు చూసే ఉంటారు. పెద్దావిడ మరోసారి పడి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు ఈ లెక్కలన్నీ చిన్నవే. కాబట్టి పని వాయిదా వేయమని చెప్పను. కానీ మేస్త్రీ చెప్పిన అయిదింటిలో అక్టోబరు లోపు కావాల్సింది ఒక్కటే, ఆ 38 వేల పని.

కడప బండ అంత తేలిగ్గా పాడవదు. చాలా ఇళ్లలో కుంగేది బండ కింద ఉన్న మట్టి. నీళ్లు పోయే దారి లేక లోపలికి దిగి, మట్టిని కొట్టుకుపోతాయి. దాన్ని సరిచేయకుండా పైన 42 వేల టైల్స్ వేస్తే రెండు మూడు వానాకాలాలకు అవీ కుంగుతాయి. కింద సరిచేస్తే మాత్రం పాత బండలే మళ్లీ పనికొస్తాయి. జాగ్రత్తగా లేపించి, పగలనివి ఏరి, అరిగిన వైపు కిందికి తిప్పి పరిపించండి. తక్కువ పడితే నాలుగైదు బండలు కొనుక్కోవచ్చు. దీనికి కూలీతో కలిపి పది వేలు పక్కన పెట్టుకుందాం. నునుపు విట్రిఫైడ్ టైల్స్ తడిస్తే జారతాయి, అత్తగారు నడిచే చోట అవి నాకు అసలు ఇష్టం లేదు. ఎప్పటికైనా టైల్సే కావాలనుకుంటే గరుకుగా ఉండే పార్కింగ్ టైల్స్ చూడండి.

పదడుగుల వెడల్పుకు ఇంటి గోడ నుంచి బయటికి కనీసం ఒకటి, ఒకటిన్నర అంగుళం వాలు ఉండాలని బేల్దారికి ముందే చెప్పండి. నీళ్లు కాలువలోకో, ఇంకుడు గుంతలోకో పోవాలి, పునాది పక్కకు కాదు. పని అయ్యాక పాచి వదిలించడానికి ఆసిడ్ పోయకండి. కడప రాయి సున్నపురాయి, ఆసిడ్ దాన్ని తినేస్తుంది. గట్టి బ్రష్షు, సబ్బు నీళ్లు చాలు.

అంటే మొదటి విడత 48 వేలు. మీ ఖాతాలో 30 వేలున్నాయి. జూలై, ఆగస్టు మిగులు 18 వేలు కలిపితే సరిగ్గా సరిపోతుంది. సెప్టెంబరు మొదట్లో పని మొదలుపెట్టించి, సిమెంటుకు వారం రోజులు నీళ్లు పట్టినా వానల ముందే ముగుస్తుంది.

రేకుల షెడ్డు ఎండ కోసం. ఫిబ్రవరికి వేస్తే వేసవికి అందుతుంది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా మిగిలే 45 వేలతో, ఫిబ్రవరి జీతంలోంచి మరో మూడు వేలు తీస్తే ఆ 48 వేలూ చేతిలో ఉంటాయి. ఈలోగా ఏదైనా ఖర్చు వచ్చి డబ్బు కూడకపోతే ఒక వేసవికి గ్రీన్ నెట్ కట్టుకోండి, దానికి పెద్ద ఖర్చు ఉండదు. క్లాడింగ్, సీలింగ్, లైట్లు కలిపి 37 వేలు. ఇవి కంటికి బాగుంటాయి, కాదనను. బాబు చదువు ఒక దారిలో పడేదాకా మాత్రం గోడకు లేత రంగు సున్నం, ఒక మామూలు బల్బు చాలు.

ఇక అప్పుల సంగతి. చీటీ ఇప్పుడు పాడితే 18 వేలు పోను 82 వేలు చేతికొస్తాయి. ఆఖరి నెల దాకా ఆగితే కమీషన్ 5 శాతం పోను 95 వేలు వస్తాయి. అంటే ఈ తొందర ధర 13 వేలు. పైగా మీ చీటీ ముగిసేది వచ్చే ఆగస్టులో, అంటే బాబుకు ఇంజనీరింగ్ ఫీజు కట్టే రోజుల్లో. ఆ డబ్బుకు ఇంతకన్నా మంచి పని లేదు. దాన్ని ముట్టుకోకండి.

పర్సనల్ లోన్ 14 శాతానికి దొరికిందనుకుందాం. లక్షన్నరకు మూడేళ్లు నెలకు 5,127 కట్టాలి, వడ్డీయే దాదాపు 34,500. మీ 9 వేల మిగులులో సగానికి పైగా అక్కడే పోతుంది, సరిగ్గా కాలేజీ ఖర్చులు మొదలయ్యే ఏడాదిలో. ఇంటి మరమ్మతు అప్పుకు పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మి దిగకండి. సొంతంగా ఉండే ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి ఏడాదికి 30 వేల వరకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది పాత పన్ను విధానంలో. మీ ఇద్దరి జీతాలకు కొత్త విధానంలో పన్నే పడదు, ఇక దేంట్లోంచి మినహాయించుకుంటారు?

ఎఫ్‌డీ మీ నాలుగు నెలల ఖర్చుకు కూడా చాలదు, దాన్ని విరగ్గొట్టవద్దు. బండలు లేపాక కింద పరిస్థితి అనుకున్నదానికన్నా ఘోరంగా ఉండి పది పదిహేను వేలు తక్కువ పడితే, ఆ ఎఫ్‌డీ మీదే బ్యాంకులో అప్పు అడగండి. మామూలుగా మీ ఎఫ్‌డీ వడ్డీకి ఒక శాతమో, కాస్త అటూ ఇటూగానో ఎక్కువ వేస్తారు. రెండు నెలల్లో తీర్చేయవచ్చు.

మేస్త్రీతో మళ్లీ కూర్చోండి. సామాను మీరే కొని, కూలి మాత్రం గుత్తకు మాట్లాడుకోండి. సిమెంటు మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, అతను పాత ధరతో లెక్క వేశాడేమో అడగండి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం, లోడింగ్, రవాణా ఖర్చులే కట్టాలి. ఇసుక పేరుతో పెద్ద మొత్తం రాసి ఉంటే అది దేనికో విడదీసి చెప్పమనండి.

అడ్వాన్సు పావు వంతుకు మించి ఇవ్వకండి. చివరి అయిదు వేలు మీ దగ్గరే ఉంచుకుని, పని అయిందన్న రోజు గోడ పక్కన నాలుగు బకెట్ల నీళ్లు పోయించండి. పది నిమిషాలకు ఎక్కడా నీళ్లు నిలవకపోతే ఆ డబ్బు ఇచ్చేయండి. నిలిస్తే ఆ బండలు లేపి మళ్లీ పరిచాకే ఇవ్వండి.