గదులు ఖాళీగా కనిపిస్తున్నా థీమ్ పార్కు రిసార్టుల్లో బుకింగ్ ఎందుకు దొరకదు?

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో డిసెంబరు నెలకు, బుధవారం నుంచి ఐదు రాత్రులు, ఐదుగురున్న మీ కుటుంబానికి గది కోసం వెతికితే దాదాపు ప్రతి రిసార్టూ అందుబాటులో లేదని వస్తోంది. ఆ మధ్య అక్కడే బస చేసిన మీ బంధువులేమో రాత్రి ఎనిమిది గంటలకు సగం కిటికీల్లో దీపాలే లేవని అంటున్నారు. అంటే హోటళ్లు కావాలని గదులు దాచిపెట్టి ధరలు పెంచుతున్నాయా అన్నది మీ సందేహం. నేను డిస్నీలో పనిచేయలేదు కానీ, థీమ్ పార్కును ఆనుకుని ఉన్న మరో పెద్ద రిసార్టులో కొన్నేళ్లు రిజర్వేషన్ల విభాగంలో ఉండి, ఏ రాత్రికి ఏ రకం గదులు ఎన్ని అమ్మకానికి పెట్టాలో చూసే పని చేశాను. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఏమిటంటే, గదులు లేవని తెర మీద కనిపించినప్పుడు మీరు కోరిన తేదీలు, మనుషుల సంఖ్య, గది రకం, ధర అన్నీ ఒక్కచోట కుదరలేదని మాత్రమే అర్థం చేసుకోవాలి. ఆ భవనంలో ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో ఆ జవాబును బట్టి తెలుసుకోలేం.

ముందు చీకటి కిటికీల సంగతి. థీమ్ పార్కు రిసార్టులో రాత్రి ఎనిమిదింటికి దీపాలు లేకపోవడం హోటల్ నిండుగా ఉందనడానికి కూడా సూచన కావచ్చు, ఎందుకంటే ఆ వేళకు చాలామంది అతిథులు బాణసంచా ప్రదర్శన కోసం పార్కులోనే ఉంటారు. పార్కింగ్ స్థలం చూసి లెక్క వేయడమూ అంతే, విమానంలో వచ్చి బస్సుల్లో తిరిగేవారికి కారే ఉండదు. నిజంగా అంచనా వేయాలంటే పొద్దున ఏడు గంటలకు బస్సు స్టాపు దగ్గర నిలబడి చూడాలి. రిసార్టు అతిథులను పార్కులోకి అందరికన్నా అరగంట ముందు అనుమతిస్తారు గనుక, హోటల్లో ఎంతమంది ఉన్నారో ఆ వరుసలోనే తెలిసిపోతుంది.

అయితే మీ బంధువుల మాటలో అసలు నిజమే లేదని అనను. 2019 ఆర్థిక సంవత్సరానికి అమెరికాలోని తన హోటళ్లలో ఆక్యుపెన్సీ, అంటే నిండిన గదుల వాటా, 90 శాతమని డిస్నీ వార్షిక నివేదిక చెప్పింది. హోటల్ పరిశ్రమలో ఏడాది పొడవునా సగటున ఇంత రావడం చాలా గొప్ప విషయం. కానీ అదే నివేదిక ప్రకారం ఆ హోటళ్లలో అమ్మకానికి ఉండేవి ఏడాదికి సుమారు కోటి గది-రాత్రులు (ఒక గది ఒక రాత్రికి అంటే ఒక గది-రాత్రి). రోజుకు లెక్కిస్తే అవి 27,000 పైచిలుకు గదులు, అందులో పది శాతమంటే ఒక సగటు రాత్రి సుమారు 2,700 గదులు ఖాళీగా మిగిలినట్లే. ఇన్ని గదులు మిగులుతున్నా మీకు ఒక్కటీ ఎందుకు కనిపించడం లేదన్నదే అసలు ప్రశ్న.

దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం వరుస రాత్రులు. ఉదాహరణకు ఒక రిసార్టులో ఒకే రకం గదులు బుధవారం పద్నాలుగు, గురువారం పదకొండు, శుక్రవారం మూడు, ఆదివారం పంతొమ్మిది మిగిలి ఉండి, శనివారానికి మాత్రం ఒక్కటీ లేదనుకోండి. ఐదు రాత్రులకు కలిపి వెతికినవారికి శనివారం లేకపోవడం వల్ల మిగిలిన నలభై ఏడు గది-రాత్రులూ కనిపించకుండా పోతాయి, తెర మీద మాత్రం ఆ రిసార్టు మొత్తమే లేదన్నట్టు వస్తుంది. ఆ నాలుగు రాత్రుల్లో నిజంగానే గదులు ఖాళీగా ఉండిపోవచ్చు కూడా. ఫోన్ చేసి గదులు లేవట కదా అని బాధపడిన అతిథులకు నేను మొదట చేసిపెట్టిన పని ఒక్కటే, వారి తేదీలను ఒక్కో రాత్రిగా విడగొట్టి చూడడం. అడ్డుపడుతున్న రాత్రి ఏదో తెలిస్తే దారి దొరుకుతుంది. ప్రయాణాన్ని ఒక రోజు ముందుకో వెనక్కో జరపవచ్చు, లేదా శనివారం ఒక్కటీ పక్క రిసార్టులో గడపవచ్చు. డిస్నీలో ఒక రిసార్టు నుంచి మరో రిసార్టుకు మారేవారి సామాను సాధారణంగా సిబ్బందే చేరవేస్తారు కాబట్టి, రెండు చోట్ల ఉండడం వినడానికి అనిపించినంత కష్టం కాదు.

ఇదే కారణానికి మరో రూపం రాకపై పెట్టే ఆంక్షలు. రద్దీ వారాంతాల్లో శనివారం చెక్ఇన్‌ను పూర్తిగా మూసేయడం, లేదా కనీసం మూడు రాత్రులు ఉంటేనే బుకింగ్ ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. శనివారం ఒక్క రాత్రికి గది ఇచ్చేస్తే, ఆ గదినే వారం రోజులకు అడగబోయే కుటుంబానికి ఇవ్వడం కుదరదు. మేము మూసింది రాకను మాత్రమే కాబట్టి, శుక్రవారమే వచ్చి శనివారం కూడా ఉంటానన్నవారికి గది దొరికేది. శనివారం నుంచి వెతికినవారికి మాత్రం హోటల్ నిండిపోయినట్టే కనిపించేది. మీ అనుమానానికి కాస్త దగ్గరగా ఉన్నది ఈ ఒక్క పద్ధతే. గదిని దాచి ఉంచుతారన్నది నిజమే, కానీ దాచేది ఎక్కువ రాత్రులుండే అతిథి కోసం. ఊరికే ఖాళీగా ఉంచితే హోటల్‌కు లాభం లేదు, ఎందుకంటే ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపు రెండుసార్లు అమ్ముకోలేరు. ధరలు పెంచడమంటారా, అది బహిరంగంగానే జరుగుతుంది. గదులు తగ్గేకొద్దీ చవక రేట్లను ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోతారు. రాయితీ ధరకు కేటాయించిన గదులు అయిపోతే ఆ ఆఫర్ కింద గదులు లేవనే వస్తుంది గనుక, ఆఫర్ ఎంపిక తీసేసి మరొకసారి వెతికి చూడండి.

మీ విషయంలో వరుస రాత్రులకు తోడు ఐదుగురు అన్న సంఖ్య కూడా అడ్డుపడుతోందని నా అనుమానం. డిస్నీ వరల్డ్‌లో చవక తరగతి అయిన వాల్యూ రిసార్టుల్లో మామూలు గది నలుగురికే. వాటిలో ఒకటైన పాప్ సెంచరీలో 2,880 గదులున్నా ఐదుగురని నమోదు చేసిన మరుక్షణం అవి మీ జాబితాలోంచి మాయమవుతాయి. పక్కనే ఉన్న ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్లు 1,120 ఉన్నాయి కానీ, మీలాంటి కుటుంబాలన్నీ వాటి కోసమే వస్తాయి గనుక అవి త్వరగా అయిపోతాయి. మధ్య తరగతిలో పోర్ట్ ఓర్లీన్స్ రివర్‌సైడ్‌లోనూ, ఖరీదైన డీలక్స్ రిసార్టుల్లో పలుచోట్లా ఐదుగురికి సరిపడే గదులున్నాయి. మీ పిల్లల్లో ఎవరికైనా మూడేళ్లు నిండకపోతే, ఆ బిడ్డ ఉయ్యాల మంచంలో పడుకునే పక్షంలో గది పరిమితి లెక్కలోకి రాదు. పిల్లలంతా అంతకన్నా పెద్దవారైతే మామూలు గదులు రెండు తీసుకుంటే ఎంతవుతుందో కూడా చూడండి. కొన్ని తేదీల్లో సూట్ కన్నా రెండు వాల్యూ గదులే చవకగా వస్తాయి, పైగా స్నానాల గదులు రెండు ఉంటాయి. ఆ రెండు గదులకూ మధ్య తలుపు ఉండాలని మాత్రం బుకింగ్ సమయంలోనే ఫోన్ చేసి అడగాలి.

ఇక హోటల్లోనే ఉండి మీ వెతుకులాటకు అందని గదుల గురించి. డిస్నీ వెకేషన్ క్లబ్ 1991లో మొదలైంది. అందులో సభ్యులు డబ్బు కట్టి ఏటా కొన్ని పాయింట్లు పొందుతారు, ఆ పాయింట్లతో విల్లా గదులు తీసుకుంటారు. తాము సభ్యత్వం కొన్న రిసార్టులో పదకొండు నెలల ముందు నుంచీ, మిగిలిన వాటిలో ఏడు నెలల ముందు నుంచీ వారు బుక్ చేసుకోవచ్చు. క్రిస్మస్ అలంకరణల కాలమైన డిసెంబరు వారికి మహా ఇష్టం. మీరు వెబ్‌సైట్ తెరిచేసరికి స్టూడియోలనే చిన్న విల్లాలు చాలావరకు వారి చేతిలోనే ఉంటాయి. నేను పైన చెప్పిన కోటి గది-రాత్రుల లెక్కలో సభ్యులు వాడుకున్న విల్లా రాత్రులను డిస్నీ కలపదని కూడా గమనించాలి. అందువల్ల ఆ 90 శాతం అన్నది, సభ్యులు తీసుకున్నవి పోగా మిగిలిన గదుల్లో నిండిన వాటా.

సమావేశాలకు వచ్చేవారూ క్రీడా జట్లూ తీసుకునే గదులది మరో దారి. నిర్వాహకులు ఏడాది ముందే మూడు నాలుగు వందల గదులను తమ పేరిట కట్టి ఉంచుకుంటారు, ఆ క్షణం నుంచే అవి సాధారణ అమ్మకంలోంచి తొలగిపోతాయి. ఒప్పందంలో కటాఫ్ తేదీ ఒకటి ఉంటుంది, సాధారణంగా అది రాకకు సుమారు ముప్పై రోజుల ముందు. ఆ తేదీనాటికి పేర్లు ఇవ్వని గదులన్నీ వెనక్కి వచ్చేస్తాయి. నేను పనిచేసిన చోట ఆ రోజు ఉదయం జాబితా తెరిస్తే, అంతకుముందు సాయంత్రం వరకూ సున్నా ఉన్న గడిలో ఒక్కసారిగా అరవై డెబ్భై గదులు కనిపించేవి. వేచి చూసే జాబితాలో ఉన్నవారికి మేము ఫోన్లు చేసేలోపే వాటిలో సగం ఆన్‌లైన్‌లో అమ్ముడైపోయేవి.

మరమ్మతుల కోసం అంతస్తులకు అంతస్తులే మూసి ఉంచిన గదులూ ఉంటాయి. అది మీ చేతిలో లేని విషయం కాబట్టి దాన్ని వదిలేద్దాం. హౌస్‌కీపింగ్ సమస్య మాత్రం బయటివారికి తెలియదు. చెక్అవుట్ పదకొండు గంటలకు, చెక్ఇన్ మూడు గంటలకు. పెద్ద రిసార్టులో ఒకే ఆదివారం వెయ్యి గదులు చేతులు మారితే, ఆ నాలుగు గంటల్లో ఉన్న మనుషులు ఎన్ని గదులు శుభ్రం చేయగలరో అన్నే ఆ రోజు అమ్మగలరు. సిబ్బంది తక్కువున్న రోజుల్లో ఖాళీ గదులు ఉండి కూడా మేము అమ్మకం ఆపేసిన సందర్భాలున్నాయి. అతిథిని ఆరు గంటల వరకు లాబీలో కూర్చోబెట్టడం కన్నా గది అమ్మకుండా ఉండడమే మా మేనేజర్లకు నయమనిపించేది, ఆ విషయంలో నేనూ వారి పక్షమే.

ధర తగ్గించి అన్నీ నింపేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. గదులు నిండడం ఎప్పుడూ అంత తేలిక కాదనడానికి యూరో డిస్నీయే సాక్ష్యం. 1992 ఏప్రిల్‌లో పారిస్ దగ్గర అది తెరుచుకున్నప్పుడు ఉన్నది ఒకే పార్కు, దాని చుట్టూ కట్టిన గదులు మాత్రం సుమారు 5,200. నగరం నుంచి రైలులో ముప్పావు గంట కూడా పట్టదు, పార్కు ఒక రోజులో చూడడం అయిపోతుంది, కాబట్టి వచ్చినవారిలో చాలామంది సాయంత్రానికే తిరిగి వెళ్లిపోయారు. మొదటి చలికాలంలోనే వెయ్యికి పైగా గదులున్న న్యూపోర్ట్ బే క్లబ్‌ను కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో నాలుగు పార్కులుండడం వల్ల అతిథులు వారం రోజులు ఉండిపోతారు. అక్కడ కూడా 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పర్యాటకులు తగ్గినప్పుడు పాప్ సెంచరీ ప్రారంభం 2003 డిసెంబరుకు వాయిదా పడింది, దాని రెండో సగం ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచిపోయి, చివరకు 2012లో ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌గా తెరుచుకుంది. హోటళ్లు ఇప్పుడు రాయితీలను పొదుపుగా, నిండని వారాలకే పరిమితం చేసి ఇవ్వడంలో ఈ చరిత్ర ప్రభావం ఉందని నా అభిప్రాయం.

మీరు చేయవలసిన పని విషయానికి వస్తే, ఇప్పుడు దొరికినది ఏదైనా సరే, రద్దు చేసుకునే వీలుంటే ముందు పట్టుకోండి. డిస్నీ వరల్డ్‌లో టికెట్లతో కలిపిన ప్యాకేజీని రాకకు ముప్పై రోజుల ముందు వరకు రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు, గది మాత్రమే తీసుకున్నవారికి ఆ గడువు ఐదారు రోజుల ముందు వరకు ఉంటుంది. మనసు మార్చుకున్నవారు ఈ గడువులు ముగియబోతుండగానే రద్దు చేస్తారు. కాబట్టి ప్రయాణానికి ముప్పై రెండు, ముప్పై ఒకటి, ముప్పై రోజులున్నప్పుడు, మళ్లీ చివరి వారం మొదట్లో తప్పక వెతకండి. రోజూ వెతికి విసుగు చెందడం కన్నా ఈ కొద్ది రోజులు శ్రద్ధగా చూడడం మేలు. మంచి గది కనిపిస్తే పాత బుకింగ్‌ను మార్చకుండా కొత్తది విడిగా తీసుకుని, అది ఖరారయ్యాక పాతది రద్దు చేయండి, ఎందుకంటే మార్పు చేస్తే చాలాచోట్ల మొత్తం బసకు ఆనాటి ధర వేస్తారు. డిస్నీ స్థలంలోనే ఉన్నా మారియట్ బ్రాండ్ల కింద నడిచే స్వాన్, డాల్ఫిన్ హోటళ్లను కూడా మరచిపోవద్దు. ఆ రెండింటిలో కలిపి రెండు వేలకు పైగా గదులున్నాయి, అరగంట ముందు ప్రవేశం అక్కడి అతిథులకూ వర్తిస్తుంది. వాటి గదులను మారియట్ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి. ఫోన్ చేసినప్పుడు గదులున్నాయా అని అడగకండి. నా ఐదు రాత్రుల్లో ఏ రాత్రి అడ్డుపడుతోంది, అది రాకపై ఆంక్షా లేక గదే లేదా, ఆ రాత్రికి ఏదైనా గ్రూపు కటాఫ్ మిగిలి ఉందా అని అడగండి. మూడో ప్రశ్నకు అందరూ జవాబు చెప్పరు, మొదటి రెండింటికి మాత్రం తెర ముందు కూర్చున్న ఏ ఉద్యోగి అయినా నిమిషంలో చూసి చెప్పగలరు.