రీలు తిరుగుతోందో లేదో చూడనే లేదు

చిన్నీ,

ఆదివారం రోజంతా కెమెరా పట్టుకుని ఒక్కదానివే ఊరంతా నడుస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటి నుంచి ఒకటే గుబులు, దాంతోపాటే బోలెడంత సంతోషం. మన ఇంట్లో నా తర్వాత కెమెరా పట్టింది నువ్వే కదా.

అలవాటైన చెప్పులే వేసుకో. ఇంకో బ్యాటరీ, నీళ్లు పెట్టుకో. ఇవి నేను చెప్పాలా?

లెన్సులు మాత్రం రెండు మూడు మోయకు. 35 ఎం.ఎం. గానీ 50 ఎం.ఎం. గానీ, ఒక్కటి చాలు. ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ ఎక్కువగా 50 ఎం.ఎం. లెన్సుతోనే తీశాడు. ఒకటే ఉంటే దగ్గరికి వెళ్లాలన్నా, వెనక్కి జరగాలన్నా నువ్వే కదలాలి. వెనక్కి అన్నాను కాబట్టి చెబుతున్నా, కెమెరా కంటికి ఆనించి ఒక్క అడుగు కూడా వెయ్యకు. ముందు కెమెరా దించు, చుట్టూ చూడు, ఆ తర్వాత కదులు. పోయినసారి నువ్వు ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటడం నేను చూశాను. అప్పుడు ఏమీ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. నీకేమైనా అయితే మేం తట్టుకోలేం తల్లీ.

ఇక అసలు విషయం. నాకు ఇరవై ఏళ్లప్పుడు, మా అక్క, అదే మీ అమ్మ, పెళ్లికి రెండు వారాల ముందు, అక్కా నేనూ ఇలాగే ఒకరోజు ఊరు తిరగడానికి బయలుదేరాం. కెమెరా స్నేహితుడిది. 36 ఫొటోల ఫిల్ము రీలు ఒక్కటే ఉంది. బస్సు దిగిన తొందరలో రీలు వేసి, దాని కొస అవతలి చుట్టలో దూరిందో లేదో చూడకుండానే మూత మూసేశాను. రీలు సరిగ్గా పట్టుకుంటే, ఫిల్ముని ముందుకు జరిపే లీవరు తిప్పిన ప్రతిసారీ, ఎడమవైపున్న రివైండ్ నాబ్ (ఫిల్ముని వెనక్కి చుట్టే పిడి) కూడా తిరుగుతుంది. ఆ రోజంతా అది కదల్లేదు. నా కళ్లెదురుగానే ఉంది. నేను మాత్రం ఎన్నో ఫొటో అని చెప్పే అంకెనే చూస్తూ ఉన్నాను.

వాన వస్తే ఎవరిదో అరుగెక్కి, తడిసిన జడ పిండుకుంటూ నవ్వింది అక్క. మెట్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంది. ఒక గోడ దగ్గర ఎండ చారలాగా ఆమె ముఖం మీద పడింది. అన్నీ తీశాను. అంకె 36 దాటి 37, 38 అయింది. రెండు ఎక్కువ వచ్చాయని సంబరపడ్డాను. 40 దగ్గర గుండె జారింది. ఇంటికొచ్చి, చీకటి గదిలో మూత తీసి తడిమితే, కొస వేసినచోటే వేలాడుతోంది. ఒక్క ఫొటో పడలేదు.

అక్కకి నిజం చెప్పలేదు. రీలు కడిగినవాళ్లు పాడు చేశారన్నాను. "పోనీలేరా, మళ్లీ వెళ్దాం" అంది. మళ్లీ వెళ్లనే లేదు. ఇప్పుడు నేనే ఫోన్ చేసి చెబుతాను, నువ్వు ముందే చెప్పకు.

ఇప్పటి చాలా కెమెరాల్లో మెమరీ కార్డు లేకపోయినా షట్టర్ పడే ఏర్పాటు ఉంటుంది. ఈ రాత్రే మెనూలో వెతికి దాన్ని ఆపెయ్యి. ఈ ఉత్తరంలో ఇంకేం మరిచిపోయినా పరవాలేదు, ఇది మరిచిపోకు.

నడిచేవాళ్లు చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గనివ్వకు. ఎండ నడినెత్తికి వచ్చాక కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, అప్పుడు కాసేపు కూర్చో. ఎవరైనా వద్దంటే వెంటనే కెమెరా దించెయ్యి. ఫొటో పంపుతానని మాటిస్తే పంపు.

ఊరంతా చుట్టేయాలని పరుగులు పెట్టకు. నచ్చిన మూల దొరికితే అరగంట నిలబడు. 1838లో పారిస్‌లో, ఫొటోలు తీసే తొలి పద్ధతుల్లో ఒకదాన్ని కనిపెట్టిన లూయి డగేర్ ఒక వీధిని ఫొటో తీశాడు. లెన్సుని నిమిషాల తరబడి తెరిచి ఉంచాల్సిన రోజులవి. నడిచిపోతున్న మనుషులెవరూ అందులో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు. నువ్వూ అలా నిలబడు, వీధే నీ ముందుకు వస్తుంది.

చీకటి పడగానే ఫోన్ చెయ్యి. పొద్దున బయలుదేరేముందు గుమ్మం దగ్గర మీ అమ్మని ఒక ఫొటో తియ్యి. కార్డులో పడిందో లేదో తెరిచి చూసుకుని, నాకు పంపు.

మీ మావయ్య