వుషియా నవలల్లోని, అంటే చైనా కత్తివీరుల కథల్లోని, ఏ గురుకులంలో చేరాలని మీకు ఉంది?

హ్వాషాన్ కొండ మీది గురుకులం తప్ప ఏదైనా సరే.

ఈ మాట అడగ్గానే చాలామంది హ్వాషాన్ పేరే చెప్తారు. కారణం అక్కడి శిష్యుడు, నవలా నాయకుడు లింగ్‌హు చోంగ్. తాగుబోతు, వాగుడుకాయ, స్నేహితుడంటే ప్రాణమిచ్చే మనిషి, కత్తి పట్టాడంటే తిరుగులేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ కత్తి గురువు నేర్పింది కాదు. ఏడాదిపాటు గోడకేసి చూస్తూ కూర్చోమని శిక్ష వేసి కొండకొమ్ము మీదికి తోలేస్తే, అక్కడ దాక్కుని బతుకుతున్న ముసలి ఫెంగ్ చింగ్‌యాంగ్ నేర్పాడు. హ్వాషాన్ అతనికి చివరికి ఇచ్చింది దొంగ అన్న పేరు, ఆపైన వెలి. గురువు యుయె బుచ్యున్ 'వీడికీ మాకూ సంబంధం లేదు' అని మిగతా గురుకులాలకి ఉత్తరాలు కూడా రాశాడు. శిష్యుడు కాజేశాడన్న కత్తి గ్రంథం తర్వాత ఎవరి దగ్గర తేలిందో చదివినవాళ్ళకి తెలుసు. గురువుగారి దగ్గరే.

ఇదంతా హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ తన సొంత పత్రిక మింగ్ పావ్‌లో 1967 నుంచి 1969 దాకా సీరియల్‌గా రాసిన 'ష్యావ్ ఆవ్ జ్యాంగ్‌హు' నవలలోది. అభిమానులు తిట్టేదంతా యుయె బుచ్యున్‌నే. పైకి పెద్దమనిషి, లోపల విషం అంటారు. నా లెక్క వేరు. ఆయన హ్వాషాన్‌ని చెడగొట్టలేదు, హ్వాషానే ఆయన్ని అలా తయారుచేసింది.

అంతకు ఒక తరం ముందు ఆ గురుకులం రెండుగా చీలింది. ముందు ఊపిరి, లోపలి బలం, తర్వాతే కత్తి అన్నది ఒక వర్గం. కాదు, కత్తే ముందు అన్నది రెండోది. కొండ మీద తలపడి ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నారు. ఊపిరి వర్గం గెలిచింది. ఎలా గెలిచింది? అవతలి వర్గంలో మొనగాడు ఫెంగ్ చింగ్‌యాంగ్. ఆయనకి పెళ్ళి సంబంధం చూశామని అబద్ధం చెప్పి దక్షిణాదికి పంపేశారు. ఆయన తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ గెలిచినవాళ్ళ వారసుడే మన పెద్దమనిషి. అలాంటి ఇంట్లో పెరిగినవాడు ఇంకెలా ఉంటాడు?

ఈ చీలికల గొడవ నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా ఊరి స్కూలు గ్రౌండులో కరాటే నేర్చుకున్నాను. బ్రౌన్ బెల్టు దాకా వచ్చాక ఇద్దరు మాస్టర్లకీ చెడింది. ఒకాయన అదే గ్రౌండులో అవతలి చివర వేరే బోర్డు పెట్టాడు. నేను వెళ్ళిన వైపు మాస్టారు నా బెల్టు చూసి 'ఇది చెల్లదు, ఎల్లో నుంచి మళ్ళీ పరీక్షలు రాయి' అన్నారు. ప్రతి పరీక్షకీ ఫీజు, సర్టిఫికెట్‌కి వేరే ఫీజు, లామినేషన్‌కి ఇంకో ఫీజు. కిక్కు రెండు చోట్లా ఒక్కటే, మారింది రసీదు పుస్తకం. మా నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు: 'ఇంటికొచ్చి లెక్కలు చేసుకో.'

తర్వాత ఎంబీబీఎస్‌కి చైనాలో షియాన్ వెళ్ళాను. అక్కణ్ణుంచి హ్వాషాన్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో ఎంతోసేపు పట్టదు. నాతో వార్డులో పనిచేసే చైనా కుర్రాడొకడు జిన్ యోంగ్ పిచ్చోడు, వాడే లాక్కెళ్ళాడు. రోప్‌వేలో ఉత్తర శిఖరం ఎక్కితే అక్కడొక రాయి ఉంటుంది, జిన్ యోంగ్ చేతిరాతతో 'హ్వాషాన్ లున్ జియెన్' (హ్వాషాన్ మీద కత్తుల పోటీ) అని చెక్కి. దాని ముందు ఫొటో కోసం తిరపతి క్యూ. కొందరి చేతుల్లో అద్దె కత్తులు. మావాడు యుయె బుచ్యున్‌ని తిడుతుంటే ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగాడు. బనీను మీద ఉన్నాడు, చేతిలో సగం కొరికిన కీరా దోసకాయ.

'నువ్వెప్పుడన్నా నలుగురి మీద పెత్తనం చేశావా బాబూ?' అన్నాడు. అవతల సోంగ్‌షాన్ గురుకులం పెద్ద జువో లెంగ్‌చాన్ ఐదు పర్వతాల గురుకులాల్నీ కలిపి మింగెయ్యాలని చూస్తున్నాడు. ఇవతల చూస్తే హ్వాషాన్‌లో గురువు, ఆయన భార్య, గుప్పెడు పిల్లకాయలు. నువ్వైతే ఏం చేస్తావు? ప్రశ్న ప్రశ్నకీ కీరాతో మావాడి గుండె మీద పొడుస్తున్నాడు. నా చైనీస్ అంతంతమాత్రం, మావాడు తిప్పి చెప్తుంటే నేను ఆ దొంగ పెళ్ళి సంబంధం సంగతి ఎత్తాను. 'అది వాళ్ళ గురువుల తరం తప్పు' అన్నాడు పెద్దాయన. 'మరి దాన్ని శిష్యులకి చెప్పకుండా దాచిందెవరండీ?' అన్నాను. ఆయన కీరా ఒక ముక్క కొరికి నమిలాడు. ఈలోగా ఫొటోలు తీసేవాడు కేకలు. ఆయన వంతు వచ్చింది. ఫోన్ నా చేతిలో పెట్టి, రాయి పక్కన కీరానే కత్తిలా ఎత్తి నిలబడ్డాడు.

అన్నట్టు, హ్వాషాన్ పేరుతో నిజంగానే తావో మతశాఖ ఒకటుంది. 12వ శతాబ్దపు హావో దాతోంగ్‌ని మూలపురుషుడిగా చెప్పుకుంటారు. దానికీ ఈ కత్తియుద్ధాలకీ ఏ సంబంధం లేదు.

ఈ నవల ఒట్టి కొట్లాటల కథ అనేవాళ్ళకి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో సైగాన్‌లో చైనీస్, వియత్నామీస్, ఫ్రెంచ్ పత్రికలు 21 దీన్ని సీరియల్‌గా వేశాయని, దక్షిణ వియత్నాం పార్లమెంటులో సభ్యులు ఒకళ్ళనొకళ్ళు 'నువ్వు యుయె బుచ్యున్', 'నువ్వు జువో లెంగ్‌చాన్' అని తిట్టుకునేవాళ్ళని జిన్ యోంగే వెనుకమాటలో రాసుకున్నాడు. మన అసెంబ్లీలకి ఈ తిట్లు ఇంకా చేరలేదు. ఎవరికి సరిపోతాయో నేను చెప్పను, నాకు ఇరుగుపొరుగు కావాలి.

మరి ఎక్కడ చేరతావంటారా? షావోలిన్ వద్దు, తెల్లారుజామున లేవడం నా వల్ల కాదు. పైగా ఆ పేరెత్తితే చాలు, బోధిధర్ముడు మనవాడే, కుంగ్‌ఫూ మనదే అంటూ ఎవరో ఒకరు దిగుతారు. ఆయన కుంగ్‌ఫూ నేర్పాడన్న కథకి మూలం 17వ శతాబ్దపు వ్యాయామ పుస్తకం బాబూ, ఆయన పోయి అప్పటికి వెయ్యేళ్ళు దాటింది.

నేను హెంగ్‌షాన్‌లో చేరతాను. ఆ పేరు వినిపించే పర్వతాలు రెండున్నాయి, నేననేది ఉత్తరాన షాన్షీలోది, బౌద్ధ సన్యాసినుల గురుకులం. వాళ్ళ పెద్ద సన్యాసిని చనిపోతూ పీఠాన్ని లింగ్‌హు చోంగ్ చేతిలో పెట్టింది. హ్వాషాన్ గెంటేసినవాణ్ణి, అదీ మగవాణ్ణి! మగాళ్ళని చేర్చుకోరుగా అనకండి. అతను పీఠమెక్కిన రోజు తాగుబోతులు, దొమ్మీగాళ్ళు గుంపుగా వచ్చి మేమూ శిష్యులమే అన్నారు. సన్యాసినులకి ఇబ్బంది లేకుండా వాళ్ళకి తోంగ్‌యువాన్ లోయలో విడిగా బస ఇచ్చారు. నాకు ఆ లోయలో ఒక చాప వేస్తే చాలు.