తలకు దెబ్బ తగ్గింది, చెయ్యి లేవడం లేదు.. కొత్త వైద్యం వచ్చేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. నాలుగు నెలల కిందట బైక్ మీద నుంచి పడ్డాడు. తలలో కొద్దిగా రక్తం గడ్డకట్టిందన్నారు, ఆపరేషన్ లేకుండానే తగ్గింది. కానీ కుడి చెయ్యి భుజం నుంచి లేవదు, మోచెయ్యి మడవలేడు. వేళ్లు ఆడుతున్నాయి, పట్టు ఉంది. మెదడు దెబ్బ వల్లే ఇలా అయిందని, మాత్రలతో నెమ్మదిగా వస్తుందని చెప్పారు. మెదడు గాయాలు, నరాల మరమ్మతుపై ఒక న్యూరోసర్జరీ పరిశోధకుడి పని గురించి చదివాం. ఆ వైద్యం వచ్చేదాకా ఆగాలా? స్టెమ్ సెల్స్ ఇంజెక్షన్లు చేయించాలా? బంధువులేమో పుత్తూరు కట్టు అంటున్నారు.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఆగొద్దు. మీరు రాసినదాన్ని బట్టి ఆ చెయ్యి పడిపోవడానికి కారణం మెదడు కాకపోవచ్చు. మెదడు దెబ్బతో చెయ్యి పడిపోతే సాధారణంగా వేళ్లకే ఎక్కువ నష్టం. వారాలు గడిచేకొద్దీ చెయ్యి బిగుసుకుంటుంది, అదే వైపు కాలో మూతో కూడా బలహీనపడుతుంది. మీ తమ్ముడికి వేళ్లు బాగున్నాయి, పోయింది భుజం, మోచెయ్యి. మెడ నుంచి చేతికి దిగే నరాల గుత్తి, అంటే బ్రేకియల్ ప్లెక్సస్, పైభాగంలో దెబ్బతింటే ఇలాగే ఉంటుంది. బైక్ మీద నుంచి ఎగిరిపడినప్పుడు తల ఒకవైపుకు, భుజం మరోవైపుకు గుంజుకుపోతాయి. దాంతో సీ5, సీ6 అనే నరాల వేర్లు సాగుతాయి, తెగుతాయి, ఒక్కోసారి నారు పీకినట్టు వెన్నుపాము నుంచే ఊడొస్తాయి. తలగాయం హడావుడిలో చెయ్యి సంగతి వెనకబడటం మాకు కొత్త కాదు.

ఇక పరిశోధన మాట. 1981లో కెనడాలోని మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకల కాలి నరం ముక్కను మెదడు కింది భాగానికీ వెన్నుపాముకూ మధ్య వంతెనగా అతికించారు. పెరగవనుకున్న నరపోగులు ఆ ముక్కలోకి దూరి పెరిగాయి. అంటే వాటికి పెరిగే శక్తి ఉంది, మెదడులోని, వెన్నుపాములోని పరిసరాలే అడ్డుపడుతున్నాయి. ఆ అడ్డంకుల్లో ఒకటైన నోగో-ఏ అనే ప్రొటీన్‌పై జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం దశాబ్దాలుగా పనిచేస్తోంది. గొప్ప పనే, కానీ తలగాయం మందుల చరిత్ర చూస్తే నేనెవరికీ ఆశలు పెంచను. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఎలుకల్లో పనిచేసింది, 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో మనుషులకు పనికిరాలేదు. మన దగ్గర తలగాయానికి విరివిగా రాసే సిటికోలిన్‌ను అమెరికాలో 1,213 మందిపై పరీక్షిస్తే ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా కనపడలేదు. ఆ ఫలితం 2012లోనే వచ్చింది. మీ తమ్ముడికి మాత్రలతో వస్తుందన్నది బహుశా దీని గురించే.

చేతి నరాల సంగతి వేరు. వాటి చుట్టూ ఉండే ష్వాన్ కణాలు కొత్త పోగుకు దారి చూపిస్తాయి. అయితే ఆ పోగు రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. మెడ నుంచి మోచెయ్యి మడిచే కండరానికి (బైసెప్స్) 20 సెంటీమీటర్లకు పైనే దూరం, అంటే ఏడెనిమిది నెలలు. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర తర్వాత కొవ్వుగా, నారగా మారిపోతుంది. అప్పుడు నరం చేరినా ప్రయోజనం ఉండదు. అందుకే ఆపరేషన్ మూడు నుంచి ఆరు నెలల్లోపు అయితే మేలు. మీకు నాలుగు గడిచాయి.

వేళ్లు పనిచేస్తుండటం మీ అదృష్టం. 1994లో పారిస్ సర్జన్ క్రిస్టోఫ్ ఓబెర్లిన్ ఒక ఉపాయం ప్రచురించారు. మోచెయ్యి పక్కగా చేతికి దిగే అల్నార్ నరంలోంచి ఒక చిన్న పాయను విడదీసి, అక్కడికక్కడే బైసెప్స్ నరానికి కలుపుతారు. దూరం కొద్ది సెంటీమీటర్లే కాబట్టి కొన్ని నెలల్లోనే కండరం కదలడం మొదలవుతుంది. చేతి పట్టు సాధారణంగా దెబ్బతినదు. భుజానికి మెడ కండరం నరంలో ఒక పాయను వాడతారు. మొదట్లో మణికట్టు వంచాలని ప్రయత్నిస్తేనే మోచెయ్యి మడుస్తుంది, మెదడు కొత్త దారికి అలవాటు పడటానికి నెలల తరబడి ఫిజియోథెరపీ కావాలి. తలగాయం అయినవాళ్లకు ఇది ఇంకాస్త ఓపికతో కూడిన పని.

ముందు నరాల పరీక్ష (ఈఎంజీ, ఎన్‌సీఎస్), మెడ దగ్గరి ఈ నరాలకు ఎంఆర్ఐ చేయించండి. బైసెప్స్‌లో నరం తిరిగి వస్తున్న జాడ ఉంటే సర్జన్ కొద్ది వారాలు చూద్దాం అనొచ్చు. చూడాల్సింది ఈ నరాల ఆపరేషన్లు తరచూ చేసే ప్లాస్టిక్ సర్జన్ లేదా న్యూరోసర్జన్. హైదరాబాద్ నిమ్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌కు ఈ పనిలో పేరుంది. ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

స్టెమ్ సెల్స్‌కు (మూలకణాలకు) డబ్బు పెట్టకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన పరిశోధనగానే చేయాలి, పరిశోధనలో పాల్గొనే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా ప్యాకేజీ ధర చెప్పారంటే అక్కడి నుంచి లేచి రండి. పుత్తూరు కట్టు ఎముకల కోసం వెళ్లేది, ఇక్కడ విరిగింది ఎముక కాదు. భుజాన్ని గట్టిగా మర్దన చేస్తే వదులైన కీలు ఇంకా జారుతుంది.

ఈలోగా చేతికి స్లింగ్ వేయండి, రోజుకు రెండుమూడుసార్లు భుజం, మోచెయ్యి కీళ్లను మీరే నెమ్మదిగా కదిలించండి. స్పర్శ లేని చోట టీ గ్లాసు, వేడినీళ్లు తగిలి కాలినా తెలియదు, జాగ్రత్త. కరెంటు షాక్‌లాంటి మంట ఉంటే మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు, దానికి గాబాపెంటిన్, ప్రిగాబలిన్ వంటి మందులు వేరే ఉన్నాయి, డాక్టర్‌ను అడగండి. తలగాయానికి ఫిట్స్ మాత్రలు రాసి ఉంటే వాటిని మాత్రం సొంతంగా ఆపకండి.